సైనైడ్ దిబ్బ మీద పన్నెండు గళ్ళు

పొద్దున్నే చేతిలో నీళ్ళ డబ్బాతో సైనైడ్ దిబ్బ వైపు నడిచే మనిషిని మా ఊళ్ళో ఎవరూ ఎక్కడికని అడగరు. గని కార్మికులకు కట్టిన లైను ఇళ్ళలో సగానికి మరుగుదొడ్లు లేవు. దిబ్బ అడుగున తుప్పలున్నాయి. కాబట్టి అడగడం మర్యాద కాదు. ఎదురుపడితే తల పక్కకు తిప్పుకుని నడుస్తాం. ఆ మర్యాద మంచిదే, నేనూ పాటించాను. దానివల్లే జూలీకి డాక్టరేటు చేసే సీటు పోయింది.

ఆ పిల్ల సంగతి ఇంకెవరూ రాయరు. కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ అనగానే బంగారం గురించి రాయడానికి చాలామంది వస్తారు. బంగారం తీసేశాక మిగిలిన పిండిలాంటి మట్టిని, దాని మీద బతికే కంటికి కనపడని జీవాలను రెండేళ్ళు కనిపెట్టుకుని ఉన్న పిల్ల గురించి ఎవరికి పట్టింది? నాకు పట్టింది. ఆ పిల్లకు పాఠాలు చెప్పింది నేను, తప్పుదారి పట్టించిందీ కొంతవరకు నేనే.

నా పేరు మునిశామప్ప. పుట్టింది ముళబాగిలు దగ్గర బైరకూరు. ముప్పై ఏళ్ళు ఇక్కడి కాలేజీలో బాటనీ, ఆ తర్వాత మైక్రోబయాలజీ చెప్పాను. నాకు ముక్కు మీద కోపం. పిల్లలు నా వెనక నన్ను ఏమని పిలిచేవారో నాకు తెలుసు, ఇక్కడ రాయను. జూలీ ఒక్కతే నా కోపానికి బెదిరేది కాదు. మొదటి ఏడాదిలోనే, ఒక సూక్ష్మజీవిని వేరు చేసి సీసాలో పెంచితే దాని గుణం తెలుస్తుందని నేను చెబుతుంటే లేచి నిలబడింది.

"లైనులో ఒగ మనిషిని తీసుకుపోయి ఒంటిగా గదిలో పెడితే వాడి గుణం తెలుస్తాదా సార్? పక్కింటోళ్ళతో ఉంటేనే గదా వాడు ఎట్లాంటోడో తెలిసేది," అంది.

కూర్చోమని కసిరాను. ఇంటికి పోయి ఆలోచిస్తే పిల్ల చెప్పింది నిజం. సూక్ష్మజీవులు గుంపులుగా బతుకుతాయి. ఒకటి వదిలేసింది ఇంకొకటి తింటుంది, ఒకటి కట్టిన నీడలో ఇంకొకటి తలదాచుకుంటుంది. ఎవరు ముందొచ్చారు, ఎవరి వెనక ఎవరొచ్చారు, ఎవరు పోతే ఎవరు నిలవలేరు అన్నది చూడటమే ఒక పెద్ద చదువు. ఆ చదువులో డాక్టరేటు చేయాలని జూలీ ఆ రోజుల్లోనే అనుకుంది. అనుకున్నది వదిలే రకం కాదు.

వాళ్ళది చాంపియన్ రీఫ్స్‌లో లైను ఇల్లు. ముత్తాతలు చిత్తూరు వైపు నుంచి గనిలో పనికి వచ్చి కతోలికులయ్యారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో కన్నడం, చర్చిలో మూడూ. తల్లి మార్గరెట్ తెల్లారకముందే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరులో బట్టలు కుట్టే ఫ్యాక్టరీకి పోయి వచ్చేది. తండ్రి జేవియర్ ఇంట్లోనే ఉండేవాడు. 2001లో గనులు మూసినప్పుడు అతనికి నలభై నాలుగేళ్ళు, జూలీకి పన్నెండు.

జేవియర్ గనిలో నీళ్ళు కొట్టే మనిషి. రాతిని పేల్చాక పొగ తగ్గగానే అందరికంటే ముందు రబ్బరు గొట్టం పట్టుకుని లోపలికి పోవాలి, పగిలిన రాయంతా తడపాలి. తడిపితే దుమ్ము అణుగుతుంది, వెనక వచ్చే గ్యాంగు ఊపిరి పీల్చుకోగలుగుతుంది. తడపని చోట కాలు పెట్టకూడదన్నది అక్కడి చట్టం. ఇరవై రెండేళ్ళు వెనకవాళ్ళ కోసం నీళ్ళు కొట్టి, ముందు నడిచిన పాపానికి ఆ దుమ్మంతా తానే మింగాడు. నేను చూసేనాటికి ఊపిరితిత్తుల్లో సగం రాయి. పది అడుగులు వేసి ఆగేవాడు, మోకాలి మీద చెయ్యి పెట్టి ఊపిరి తెచ్చుకుని మళ్ళీ పది అడుగులు. ఇంత జబ్బులోనూ ఇంటి వాకిలి ఊడవబోయే ముందు నీళ్ళు చల్లారా లేదా అని చూసేవాడు. చల్లకపోతే చీపురు లాక్కునేవాడు.

జూలీ బెంగళూరులో ఎమ్మెస్సీ చేసి వచ్చి రాబర్ట్‌సన్‌పేటలో ఒక రక్తపరీక్షల ల్యాబులో చేరింది. చేరినా డాక్టరేటు మాట మరవలేదు. బెంగళూరులో ఒక పరిశోధనా సంస్థలో ఇదే చదువు చెప్పే మేడమ్ ఒకామె ఉందని తెలిసి పోయి కలిసింది. ఆమె సూటి మనిషి. "నా దగ్గర సీటు రెండేళ్ళకొకటి ఖాళీ అవుతుంది. ఉత్త చేతులతో వచ్చేవాళ్ళు వందమంది ఉంటారు. నువ్వు ఒక ప్రశ్నతో రా, ఆ ప్రశ్నకు ఏడాది రెండేళ్ళ లెక్కతో రా," అందట.

జూలీ ప్రశ్న సిద్ధంగా ఉంది, ఇంటి వెనకే. సైనైడ్ దిబ్బ. బంగారపు రాతిని పిండి కొట్టి, సైనైడుతో కడిగి, మిగిలిన బురదను వందేళ్ళు పోస్తే లేచిన గుట్ట. ఆషాఢం గాలికి ఆ పిండి లేచి ఊరంతా పడుతుంది, అన్నంలో కరకరలాడుతుంది. గడ్డి కూడా మొలవని ఆ మట్టిలో ఏ జీవాలు కాపురం పెడుతున్నాయి, ఏ వరసలో వస్తున్నాయి అన్నదే ప్రశ్న. 2013 జూన్‌లో దిబ్బ మీద మూడడుగుల గళ్ళు పన్నెండు గీసింది. మూలల్లో ఇనుప చువ్వలు, చుట్టూ దారం. నెలకొకసారి, మొదటి శనివారం పొద్దున, ప్రతి గడిలోంచి ఒక చెంచా మట్టి తీసి గొట్టాల్లో వేసి, ఐస్ డబ్బాలో పెట్టుకుని రైల్లో మేడమ్ ల్యాబుకు ఇచ్చి వచ్చేది. అక్కడ ఆ మట్టిలోని జీవాల డీఎన్ఏ చదివి పేర్ల జాబితా ఇచ్చేవారు. గళ్ళను ఏమీ చేయకూడదు, ఊరికే చూడాలి. అదే ఆ పని నియమం.

ఆ ఏడాది సెప్టెంబరులో ఒక శనివారం గాలి ఎక్కువగా ఉంది. జూలీ కళ్ళెర్రగా చేసుకుని దగ్గుతూ ఇంటికొచ్చింది. జేవియర్ చూసి, "నోటికి గుడ్డ కట్టుకోలేదా పాపా?" అని అడిగాడట. కట్టుకున్నానంది. "తడి గుడ్డేనా?" అన్నాడు. కాదంది.

అక్టోబరు నుంచి జేవియర్‌కు భక్తి ఎక్కువైంది. మొదటి శనివారం మరియమాత పూజకు తెల్లారేసరికి చర్చికి పోవడం మొదలుపెట్టాడు. తర్వాత వారంలో మూడు రోజులు. బియ్యం కడిగిన నీళ్ళు పారబోయవద్దని, చర్చి ముందు రోజా చెట్లకు పోస్తానని మార్గరెట్‌కు చెప్పి ఐదు లీటర్ల డబ్బాలో పట్టుకుపోయేవాడు. మాకు కుళాయి వారానికి ఒకసారి వస్తే గొప్ప. చాలనప్పుడు స్నానం మానేసి తన వంతు నీళ్ళు కలుపుకునేవాడు. "ఎన్నడూ లేని భక్తి సార్ ఈయనకి. ఇంగ సామియారు అయిపోతాడు," అని మార్గరెట్ నాతో నవ్వుతూ చెప్పింది. నేనూ నవ్వాను. ఒకటి రెండుసార్లు డబ్బాతో దిబ్బ వైపు పోతుంటే ఎదురయ్యాడు కూడా. తల పక్కకు తిప్పుకున్నాను.

ఇక దిబ్బ మీద విచిత్రం మొదలైంది. నవంబరు నుంచి ప్రతి జాబితాలో పేర్లు పెరుగుతూ వచ్చాయి. శనివారం పొద్దున గళ్ళు చెమ్మగా కనిపిస్తే మంచు కాబోలు అనుకుంది జూలీ. ఎండాకాలం వస్తే చచ్చిపోవాల్సినవి ఇంకా పెరిగాయి. రెండో ఏడాదికి గళ్ళలో మట్టి మీద సన్నని ఆకుపచ్చ పొర కట్టింది. అన్నిటికంటే విడ్డూరం, గంజిలో ఉండే పిండి పదార్థం తిని బతికే జీవాలు అక్కడికి వచ్చి చేరాయి. సైనైడ్ దిబ్బ మీద గంజి ఎక్కడిది? జూలీ నా ఇంటికి పరుగెత్తుకొచ్చింది. నేను రిటైరై ఏడాది దాటింది, నా పాత మైక్రోస్కోపు కింద ఆ పొరను చూశాం. నేను పెద్ద మేధావిలా గడ్డం నిమురుకుని, "గాలి," అన్నాను. "ఊళ్ళో వంటిళ్ళ మురుగు ఎండి, గాలికి లేచి దిబ్బ మీద పడుతోంది. మనుషుల ఎంగిలితో దిబ్బ బతుకుతోంది."

ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. మేడమ్‌కు కూడా నచ్చింది. ఇది నిజమైతే ఐదేళ్ళ పరిశోధనకు సరిపోతుందందట. గళ్ళ బయట కూడా మట్టి తీసి పోల్చి చూద్దామా అని జూలీ నన్ను అడిగింది. నెలకు పన్నెండు గొట్టాలే ఇస్తున్నారు, వాటిని బయట మట్టికి తగలేయకు అని నేనే వద్దన్నాను. ఈ మాట నా జీవితంలో నేను చెప్పిన అతి పెద్ద తెలివితక్కువ మాట. రోజూ గుర్తొస్తుంది.

2015 జులైలో సీటు ఖాళీ అయింది. ఒక్క సీటు, ఐదేళ్ళ ఫెలోషిప్పు. రాతపరీక్షలో జూలీ నెగ్గింది. ఇంటర్వ్యూకు పిలిచారు. రెండు వారాల ముందు మేడమ్ ఫోన్ చేసి, "గళ్ళకు పది అడుగుల అవతల నుంచి కూడా పన్నెండు గొట్టాలు తీసుకురా. కమిటీవాళ్ళు అడుగుతారు," అంది. శనివారం దాకా ఆగితే ఫలితం రావడం ఆలస్యమవుతుందని జూలీ బుధవారమే తెల్లారి దిబ్బ ఎక్కింది. ఆ రోజు తను వస్తుందని ఇంట్లో ఎవరికీ తెలియదు.

వాన కోసిన పాయ ఒకటి ఎక్కి పైకి వచ్చేసరికి తండ్రి కనిపించాడు. చేతిలో డబ్బా, ఇంకో చేతిలో సత్తు గిన్నె. గనిలో తడిపినట్టే తడుపుతున్నాడట. ముందు దూరపు మూల, తర్వాత పక్కలు, చివరికి తన కాళ్ళ ముందు. మణికట్టు ఒక్కటే ఆడుతోంది, చుక్క కూడా దారం దాటి పోవడం లేదు. పన్నెండు గళ్ళలో ఒక్కదాంట్లోనూ అడుగు పెట్టలేదు, దారం తగలకుండా లుంగీ ఎత్తి పట్టుకున్నాడు. ఒక్కో గడి కాగానే మోకాలి మీద చెయ్యి పెట్టి ఆగుతున్నాడు. అంతా అయ్యాక డబ్బా మీదనే కూర్చుని చాలాసేపు దగ్గి, మెల్లగా దిగిపోయాడు. పాయలో దాక్కున్న జూలీ బయటికొచ్చి మట్టిని వేలితో తాకి వాసన చూసింది. బియ్యం కడిగిన నీళ్ళు.

అక్కడి నుంచి నేరుగా మా ఇంటికొచ్చి మెట్టు మీద కూర్చుని చెప్పింది. ఏడవలేదు. నేను పాత జాబితాలన్నీ తీసి చూశాను. అక్టోబరులో భక్తి, నవంబరులో పెరుగుదల. వారంలో మూడు రోజులు కావడం, గంజి తినేవి రావడం. అంత చక్కగా కుదిరిన లెక్క నా ముప్పై ఏళ్ళ సర్వీసులో చూడలేదు. దిబ్బను బతికించింది గాలి కాదు, జేవియర్.

అప్పుడు నేను చేసింది చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెబుతాను. "నోరు మూసుకో," అన్నాను. "బయట మట్టిలో ఏమీ లేకపోతే చువ్వల నీడ వల్ల అను, దారం వల్ల అను. సీటు రానీ, తర్వాత చూసుకుందాం."

జూలీ నా వైపు చూసింది. "ఫస్ట్ ఇయర్లో మీరు ఏం చెప్పినారు సార్?"

"నాకు గుర్తులేదు."

"చూసింది రాయాల, అనుకొనింది రాయగూడదు అని చెప్పినారు. నా నోట్సులో ఉండాది."

ఇంటర్వ్యూలో అయిదుగురి ముందు కూర్చుని, బయటి మట్టిలో ఏమీ లేదన్నదానితో సహా మొత్తం చెప్పేసింది. ఒకాయన నవ్వాడట. మేడమ్ నవ్వలేదు. తర్వాత బయటికొచ్చి వరండాలో జూలీని పక్కన కూర్చోబెట్టుకుంది. "ఇది పాడైన ప్రయోగం కాదు," అంది. "ఎండిన మట్టికి బియ్యం కడిగిన నీళ్ళు పోస్తే ఎవరెవరు వస్తారు అన్నది కూడా ప్రశ్నే. కానీ ఎంత పోశాడు, ఏ రోజుల్లో, ఎప్పటి నుంచి, ఎప్పుడు మానాడు, ఇది తెలియాలి. మీ నాన్నను అడిగి రాసుకురా. వారం టైమిస్తాను. ఆ కాగితం ఉంటే నీ కోసం నేను కమిటీతో కొట్లాడతాను."

ఒక్క ప్రశ్న. ఇంట్లో ఉన్న మనిషిని అడగాల్సిన ఒక్క ప్రశ్న. నేను సంతోషంతో ఎగిరి గంతేశాను. జూలీ మాత్రం తల అడ్డంగా ఊపింది. "అడిగితే ఎందుకని అడుగుతాడు సార్. చెప్తే, రెండేండ్లు నేను మోసిన నీళ్ళు నా బిడ్డ చదువు మీద పోసినానా అనుకుంటాడు. ఆ మాటతో ఎట్ల బతుకుతాడు?"

"నువ్వడక్కపోతే నేనడుగుతా," అని లేచాను.

"మీరడిగితే మళ్ళా మీ గడప తొక్కను," అంది. ఆ పిల్ల ఉత్తుత్తి మాటలు చెప్పదు. కూర్చున్నాను.

అయినా ఆదివారం పూజ అయ్యాక వాళ్ళింటికి పోయాను, కళ్ళెదుట కూర్చుంటే అడుగుతుందేమోనని. జేవియర్ వాకిట్లో చాప మీద చేటలో బియ్యం ఏరుతున్నాడు. జూలీ వచ్చి పక్కన కూర్చుంది.

"నాయనా, ఒగ మాట అడగాల."

"అడుగు పాపా."

ఆమె చేటలోంచి ఒక రాయి తీసి పక్కన పెట్టింది. ఇంకొకటి తీసింది. జేవియర్ నా వైపు తిరిగాడు. "మొన్న ఆస్పత్రిలో ఎక్స్‌రే చూపించినారు సార్. తెల్లగా ఉండేదంతా రాయే అన్నాడు డాక్టరు. నాది అయిపోయిందిలే. మా పాప దిబ్బ మీదికి పోతా వస్తా ఉండాది, దానికి ఏమన్నా అవుతాదా అని అడిగినాను. దుమ్ము లేయకుంటే ఏం కాదప్పా అన్నాడు. నాకు నిమ్మళమాయె." నవ్వాడు. ఆ నవ్వులో ఒక దొంగ సంతోషం ఉంది, ఎవరికీ చెప్పకుండా దాచుకున్నది. తర్వాత కూతురి వైపు చూశాడు. "ఏమి అడగాలంటివి?"

"సారుకు ఏం చేద్దాము నాయనా, రాగిముద్దా చారా?"

"ఉలవచారు చేయి."

ఆ ఉలవచారు నేను తిన్నాను. అంత కోపంతో అన్నం తినడం నాకు అదే మొదటిసారి. తండ్రి మీద కాదు, కూతురి మీద కూడా కాదు. ఎవరి మీద అని అడిగితే చెప్పలేను.

వారం గడిచింది. సీటు ఇంకొకరికి పోయింది. మేడమ్ మళ్ళీ రెండేళ్ళకు ప్రయత్నించమని ఉత్తరం రాసింది. ఆ రెండేళ్ళు పూర్తి కాకముందే ఆమె ఊరు మారింది. ఆమె తప్పేమీ లేదు. కానీ జేవియర్ ఆమెను వదల్లేదు. "లైనోళ్ళ పిల్ల అని పక్కన పెట్టినారు సార్. రెండేండ్లు పని చేయించుకొని సుమ్నే ఉత్త చేతులతో పంపించేసినారు," అని కనపడినప్పుడల్లా తిట్టేవాడు. "మేడమ్ మంచిది నాయనా," అని జూలీ అంటే, "నీకు అందరూ మంచోళ్ళే," అనేవాడు. నిజాయితీ గల మనిషిని తండ్రి తిడుతుంటే వింటూ కూర్చోవడం ఆ పిల్లకు రోజూ ఉండేది.

ఇంకోటి కూడా ఉండేది. జూలీ మొదటి శనివారాలు మానలేదు. మానితే ఎందుకు మానావని తండ్రి అడుగుతాడు. అందుకని పద్దెనిమిది నెలలు ఎవరికీ అక్కర్లేని మట్టిని పన్నెండు గళ్ళలోంచి పన్నెండు చెంచాలు తీసి, గొట్టాల్లో వేసుకుని, మా ఇంటికొచ్చి పెరట్లో పారబోసి, గొట్టాలు కడిగి ఎండబెట్టుకుని పోయేది. ఆమె కోసం అతను పోసేవాడు, అతని కోసం ఆమె పోయేది. నేను ఇద్దరి గుట్టూ తెలిసి నోరు కట్టుకుని ఉన్నాను. నోరు కట్టుకోవడం నాకు చేతనైన విద్య కాదు.

2016 డిసెంబరు మొదట్లో జేవియర్ మంచం పట్టాడు. ఒక పగటిపూట, మార్గరెట్ ఫ్యాక్టరీలో, జూలీ ల్యాబులో ఉన్నప్పుడు నాకు కబురు పెట్టాడు. గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మాటకూ మాటకూ మధ్య ఊపిరి కోసం ఆగుతున్నాడు.

"సార్, ఒగ పని చెప్తాను. పాపకు తెలియగూడదు."

నేను చెప్పమన్నాను. దిబ్బ సంగతంతా నాకు తెలియనట్టు విన్నాను.

"సోమ, బుధ, శని. పాప పోయే శనివారం మాత్రం ఆరు గంటల లోపల అయిపోవాల. ఒక్కో గడికి మూడు గిన్నెలు, ఇదో ఈ గిన్నే. ఎక్కువ పోస్తే కాలవ కట్టి దారం దాటతాది. తక్కువైతే దుమ్ము నిలవదు. పైన గాలి తగిలే గళ్ళు నాలుగు ఉండాయి, వాటికి ఇంగ అర గిన్నె. ఉత్త నీళ్ళకన్నా బియ్యం కడిగిన నీళ్ళు మేలు సార్, మట్టిని పట్టి పెడతాయి. వానొచ్చిన దినం పోయను. రెండు వేల పదమూడు అక్టోబరు మొదటి శనివారం మొదలుపెట్టినాను. అప్పటినుంచి రెండు తూర్లే తప్పింది. మా అత్త సచ్చిపోయిన వారం ఒగటి, నేను ఆస్పత్రిలో ఉండిన వారం ఒగటి."

గనిలో ఎక్కడెక్కడ ఎంత తడిపాడో షిఫ్టు దిగాక మేస్త్రీకి అప్పజెప్పిన మనిషి. ఆ అలవాటుతో చెప్పాడు, ఒక్క అంకె తడబడకుండా. నేను గిన్నె వైపు చూస్తూ కూర్చున్నాను. మేడమ్ వారం టైమిచ్చి అడిగిన కాగితం ఇదే. ఒక్క మాట అడిగి ఉంటే ఆ రోజు చాప మీద బియ్యం ఏరుతూనే ఇదంతా చెప్పేసేవాడు. నాకు ఏడుపొచ్చింది. నేను పోస్తానని మాట ఇచ్చి, దగ్గు వచ్చినట్టు నటించి వాకిట్లోకి పోయాను. ఇంటికొచ్చి అతను చెప్పినదంతా తేదీలతో సహా ఒక కాగితం మీద రాసి చొక్కా జేబులో పెట్టుకున్నాను.

మర్నాటి నుంచి నీళ్ళు నేను మోశాను. రోజా చెట్లకు పోయమని జేవియర్ అప్పగించాడని మార్గరెట్‌తో చెప్పి డబ్బా తీసుకునేవాణ్ణి. అరవై దాటిన మోకాళ్ళతో ఆ దిబ్బ ఎక్కడం మొదలుపెట్టాక అతను రాతి ఊపిరితిత్తులతో మూడేళ్ళు ఎట్లా ఎక్కాడో నాకు అర్థం కాలేదు. దారిలో నా పాత విద్యార్థి ఒకడు ఎదురయ్యాడు. నా చేతిలో డబ్బా చూసి తల పక్కకు తిప్పుకున్నాడు.

జనవరి రెండో వారంలో జేవియర్ పోయాడు. చివరి రోజున నన్ను చూసి చెయ్యి కొంచెం ఊపాడు, చల్లినట్టు. అయిందప్పా, ఈ పొద్దుటిది అయింది అన్నాను. కళ్ళు మూసుకున్నాడు.

ఫిబ్రవరి మొదటి శనివారం నేను అలవాటు కొద్దీ పోయాను. అలవాటని రాశాను గాని, మాట ఇచ్చాను కదా. మొదటి గడి దగ్గర గిన్నె ముంచుతుండగా జూలీ పాయలోంచి ఎక్కి వచ్చింది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"డిసెంబరు నుంచి మీరేనని తెలుసు సార్. నాయన గడిలోపల అడుగు పెట్టడు. మీ చెప్పు గుర్తు ఆ మూల రెండు తూర్లు పడింది."

నేను జేబులోంచి కాగితం తీసి ఇచ్చాను. ఎప్పుడు చెప్పాడో, ఎందుకు చెప్పాడో చెప్పాను. నిలబడి చదివింది. మళ్ళీ చదివింది.

"మూడు గిన్నెలా?" అంది. "నేను నాలుగనుకొన్నాను."

తర్వాత అక్కడే మట్టిలో కూలబడింది. ఇన్నాళ్ళలో ఆ పిల్ల ఏడవడం నేను చూడలేదు. అప్పుడు చూశాను. "అడిగింటే చెప్పిండేవాడు సార్," అంది. "ఎందుకని కూడా అడిగిండేవాడు కాదేమో. నవ్వుతా చెప్పిండేవాడు. నేనే భయపడినాను."

ఆ పిల్ల చేసింది తప్పో ఒప్పో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ ఆదివారం చాప మీద నేనున్నాను, ఆ నవ్వు నేనూ చూశాను. అడగడం నా వల్ల కూడా అయ్యేది కాదు.

కాసేపటికి లేచి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నోట్సులో పెట్టుకుంది. నేను మళ్ళీ గిన్నె ముంచబోయాను. వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"వద్దు సార్. ఇంగ ఆరనీండి."

చెంచా తీసి మొదటి గడిలో పెట్టింది. బుధవారం పోసిన చెమ్మ మట్టిలో ఇంకా ఉంది, దుమ్ము లేవలేదు. గొట్టం మీద తేదీ రాసింది. ఈసారి ఆ మట్టి ఏ ల్యాబుకు పోతుందో నేను అడగలేదు. ఏ ల్యాబుకూ పోదని ఇద్దరికీ తెలుసు.

డబ్బాలో నీళ్ళు నిండుగా ఉన్నాయి. మా ఊళ్ళో నీళ్ళు పారబోయడానికి ఎవరికీ చెయ్యి రాదు, నాకూ రాలేదు. దిబ్బ దిగి, ఆగి ఆగి మోసుకుంటూ తిరిగి వాళ్ళింటికి తెచ్చాను. మార్గరెట్ ఆ రోజు ఫ్యాక్టరీకి పోలేదు, వాకిట్లో ఉంది. డబ్బా చూసి, "చెట్లకు పోయలేదా సార్?" అని అడిగింది. ఇంక అక్కర్లేదమ్మా అని చెప్పాలని నోరు తెరిచాను. ఆమె గడప పక్కన ఇంకో డబ్బా పెట్టి ఉంది, మూత బిగించి, సోమవారానికి.